సొంత మైదానం

2024 మార్చి 21 రాత్రి మేం పదకొండు మందిమి కాలనీ వాటర్ ట్యాంకు మెట్ల మీద కూర్చున్నాం. పదకొండు మంది అనగానే జట్టు అనుకోవద్దు. ఆట ఆడేవాళ్లం ఆరుగురం. మిగతా వాళ్లు ముగ్గురు బడి పిల్లలు, ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెప్పే ఒక అన్న, తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి పోవాల్సిన ఒక మామ. ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి పిల్లల్ని రానిచ్చాం. పదో తరగతి వాళ్లకు పరీక్షలు నడుస్తున్నాయని వాళ్లను మాత్రం ఇంటికి తోలేశాం. మా కాలనీలో సిగ్నల్ సరిగా అందేది ఆ మెట్ల మీదే. ఫోన్ ఒకటే. దాన్ని మెట్టు మీద ఇటుకకు ఆనించి పెట్టాం.

అర్ధరాత్రి పన్నెండున్నరకు మ్యాచ్. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో భారత్, అఫ్గానిస్తాన్ ఆడుతున్నాయి. ఆట జరిగేది సౌదీ అరేబియాలోని అభా అనే ఊళ్లో. మన జట్టు అప్పటికి ర్యాంకుల్లో 117వ స్థానంలో ఉంది, వాళ్లు 158వ స్థానంలో ఉన్నారు. పైగా వాళ్ల ఫుట్‌బాల్ సంఘంతో గొడవపడి పేరున్న ఆటగాళ్లు చాలామంది రామన్నారు. 2023 నవంబరులో మన వాళ్లు కువైట్ వెళ్లి మన్వీర్ సింగ్ గోల్‌తో 1-0తో గెలిచి వచ్చారు. అందుకని ఈ మ్యాచ్ గెలిచేసినట్టే అనుకున్నాం. ఎన్ని గోల్స్ పడతాయన్న దాని మీద మాలో మేం పందెం కూడా వేసుకున్నాం. ఓడినవాళ్లు పొద్దున టీ ఇప్పించాలి. నాలుగు అన్నవాళ్లున్నారు, మూడు అన్నవాళ్లున్నారు. సున్నా అన్నవాడు ఒక్కడూ లేడు.

ఆ రాత్రి పడింది సున్నాయే.

అవతలి వాళ్లు గొప్పగా ఆడి ఆపితే ఇంత బాధ ఉండేది కాదు. మన వాళ్లు బంతిని పక్కకు ఇచ్చుకుంటారు, వెనక్కి ఇచ్చుకుంటారు, గోల్ దగ్గరికి పోయేసరికి కాళ్లు తడబడతాయి. దొరికిన ఒకటీ రెండూ అవకాశాలు కూడా చేజారాయి. ముప్పై తొమ్మిదేళ్ల సునీల్ ఛెత్రి ఇంకా ముందు నిలబడి బంతి కోసం చేతులెత్తి అడుగుతున్నాడు. రెండో సగం సగంలో ఉండగానే మామ తువ్వాలు తలకింద పెట్టుకుని నిద్రపోయాడు. ఆట అయ్యేసరికి రెండు దాటింది.

అప్పుడు మొదలయ్యాయి తిట్లు. కోచ్ స్టిమాచ్‌ని తిట్టాం. గోల్ కొట్టలేని వాళ్లను తిట్టాం. జనవరిలో ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా మూడింటి చేతిలోనూ ఒక్క గోల్ లేకుండా ఓడిన సంగతి మళ్లీ తవ్వుకున్నాం. నూట నలభై కోట్ల మందిలో గోల్ కొట్టేవాడు ఒక్కడు లేడా అని, ఎవరైనా అనే మాటే మేమూ అన్నాం. ఆ ఊపులో మాలో ఒకడు ఈశాన్య రాష్ట్రాల ఆటగాళ్లను పట్టుకుని, "ఈ చైనావోళ్లని పెట్టుకుంటే ఇంతే" అన్నాడు.

కొందరం నవ్వాం. అది దాచుకోకుండా రాస్తున్నాం.

టీచరన్న నవ్వలేదు. ఫోన్ తీసి జేబులో పెట్టుకుని, "మొన్న బస్టాండులో నిన్ను ఒకడు ఏమన్నాడ్రా?" అని అడిగాడు. అన్నవాడు తల వంచుకున్నాడు. ఏమన్నారో మా అందరికీ తెలుసు. అడవోడు అన్నారు, టికెట్ కొనడం వచ్చా అన్నారు. వారం రోజులు ఆ మాట మింగలేక తిరిగినవాడే ఇప్పుడు ఇంకొకరి మీదికి అదే విసిరాడు. అన్న మెల్లగా చెప్పాడు. మిజోరంలో ఉండేది మనలాంటి గిరిజనులే. కొండ వాలులో చదునైన నేల దొరకడమే కష్టమైన ఆ చిన్న రాష్ట్రం 2014లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. జట్టులో వేగంగా పరిగెత్తే ఛాంగ్తే అక్కడివాడే. "ఆట బాగాలేదని అను. ఎక్కడ బాగాలేదో చెప్పు. మొహం బాగాలేదని అనకు" అన్నాడు.

ఎవరం మాట్లాడలేదు. అప్పుడు బడి పిల్లల్లో చిన్నది అడిగింది. "సార్, అఫ్గానిస్తాన్ వాళ్లది సొంత మ్యాచ్ అన్నారు కదా. మరి సౌదీలో ఎందుకు ఆడారు?"

వాళ్ల దేశంలో ఆడే పరిస్థితి లేదు కాబట్టి అని అన్న చెప్పాడు. వాళ్ల సొంత మ్యాచ్‌లన్నీ పరాయి దేశాల్లోనే. గోల్ కొడితే లేచి అరిచే సొంతూరి జనం ఉండరు. ఆటగాళ్లలో చాలామంది వేరే దేశాల్లో బతుకుతున్నవాళ్లు. 2021లో ప్రభుత్వం మారాక ఆ దేశపు ఆడపిల్లల జట్టు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దేశం దాటింది.

పిల్ల కాసేపు ఆలోచించి, "మనలాగా" అంది.

ఆ మాట దగ్గర మేం ఆగిపోయాం. ఎందుకో మా సంగతి తెలియని వాళ్ల కోసం చెప్పాలి. మేం గోదావరి ఒడ్డు కోయలం. మా పాత ఊరు ప్రాజెక్టు ముంపులో పోయింది. ఇప్పుడు ఉంటున్నది పునరావాస కాలనీ. ఒకే రంగు ఇళ్లు వరసగా ఉంటాయి. రోడ్డుంది, కరెంటుంది, ట్యాంకుంది. ఇప్పచెట్టు లేదు, తునికి చెట్టు లేదు. మైదానం కూడా లేదు. నిజానికి లేఅవుట్ కాగితంలో ఆటస్థలం అని ఒక నలుచదరం గీసి ఉంది. ఆ నలుచదరంలో ఇప్పుడు కంకర గుట్ట ఉంది. రోడ్డు పనికి తెచ్చి మిగిలినది అక్కడే పోసి పోయారు. అందుకని పక్క ఊరి పొలాల్లో కోతలయ్యాక ఆడతాం. టోర్నమెంటుకు ఎవరైనా మా ఊరు వస్తామంటే, మా సొంత మ్యాచ్ కూడా ఆ పక్క ఊళ్లోనే. వాళ్లు మంచివాళ్లే, గెట్టు మీద కూర్చుని చూస్తారు. కానీ చప్పట్లు వాళ్లకు నచ్చినవాళ్లకు కొడతారు.

మూడు గంటలకు మామ లేచాడు. ఇప్పపువ్వు రాత్రి చివరి జాములో రాలడం మొదలుపెడుతుంది. ఎండెక్కకముందే, పశువులు రాకముందే ఏరుకోవాలి. చెట్లు పాత ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి ఈ నెలంతా మా కాలనీ నుంచి ట్రాలీ ఆటోలు అటు పోతుంటాయి. నిద్ర ఎలాగూ పాడైందని మేమూ ఎక్కాం.

దారిలో టీచరన్న ఇంకో డ్రా కథ చెప్పాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఫ్రాన్స్‌తో 1-1తో డ్రా చేసుకుంది. పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు, చివర్లో ఫ్రాన్స్ సమం చేసింది. ఆ జట్టు కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన మొదట బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. అంతకుముందు 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన వాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడి అదే ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో ఓడారు. "ఫ్రాన్స్‌తో డ్రా అంటే మనం సంబరపడాలి. మరి రాత్రి డ్రాకు అఫ్గాన్ వాళ్లు ఎంత సంబరపడి ఉంటారు?" అన్నాడు అన్న. మేం దాని గురించి ఆలోచించనేలేదు. పోయిన రెండు పాయింట్లు మావే అని లెక్కేసుకున్నాం. వాళ్లకొచ్చిన ఒక్క పాయింటు ఎంత విలువైనదో చూడలేదు.

అలాగని మా కోపం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. అభిమానికి కోపం రాకపోతే ఆ జట్టు మీద ఆశ లేనట్టే. కానీ ఆ రోజు చెట్ల కింద పువ్వు ఏరుకుంటూ కోపాన్ని ప్రశ్నలుగా మార్చుకున్నాం. పెద్ద క్లబ్బుల్లో గోల్ ముందు నిలబెట్టేది ఎక్కువగా విదేశీ ఆటగాళ్లనే అయితే, మన కుర్రాళ్లు గోల్ కొట్టడం ఎక్కడ నేర్చుకుంటారు? ఛెత్రి తర్వాత ఎవరు అన్న మాట పదేళ్ల ముందే ఎందుకు అడగలేదు? నూట నలభై కోట్లు అంటాం సరే, అందులో కాలికి బంతి తగిలినవాళ్లు ఎందరు? బంతి, నేల, నేర్పేవాళ్లు మూడూ ఒకచోట దొరికినవాళ్లు ఎందరు? మా కాలనీ పిల్లల్ని ఆ లెక్కలో వేస్తే వచ్చేది సున్నా. రాత్రి స్కోరు చూసి ఉలిక్కిపడ్డాం గాని, ఆ సున్నా మా ఇళ్ల మధ్యే కంకర గుట్టగా కూర్చుని ఉంది.

నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్‌కూ ఆడింది. మన పిల్లల కాళ్లలో సత్తువ లేదని ఎవరూ అనలేరు.

మార్చి 26న గువాహటిలో అదే అఫ్గానిస్తాన్ మళ్లీ ఎదురైంది. ఛెత్రికి 150వ మ్యాచ్. పెనాల్టీతో గోల్ కొట్టాడు కూడా. చివరికి మన వాళ్లు 2-1 తేడాతో ఓడారు. ఆ రాత్రి మేం ఎవరినీ తిట్టలేదు. మంచివాళ్లమైపోయి కాదు, నోట మాట రాక.

ఆ వారంలోనే అర్జీ రాసుకుని ఆఫీసుకు పోయాం. కంకర తీయించండి, కాగితంలో చూపించిన ఆటస్థలం నేల మీద చూపించండి అని రాశాం. ఎన్నికల కోడ్ ఉంది, అయ్యాక రండి అన్నారు. జూన్‌లో మళ్లీ పోయాం. అర్జీ తీసుకుని నంబరు ఇచ్చారు.

జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఛెత్రి వీడ్కోలు మ్యాచ్‌గా ప్రకటించిన ఆట కూడా 0-0గానే ముగిసింది. జూన్ 11న దోహాలో ఖతార్ మీద ఛాంగ్తే గోల్ కొట్టాడు. ఆ మార్చి రాత్రి నోరు జారినవాడే ట్యాంకు మెట్ల మీద అందరికంటే ముందు లేచి "ఛాంగ్తే! ఛాంగ్తే!" అని అరిచాడు. కుక్కలు మొరిగాయి. కాని రెండో సగంలో ఖతార్ వాళ్లు గీత దాటి బయటికి పోయిన బంతిని లోపలికి లాగి గోల్ కొట్టారు. రిఫరీ చూడలేదు, గోల్ ఇచ్చేశాడు. మన వాళ్లు 2-1తో ఓడి పోటీ నుంచి బయటికొచ్చారు.

గీత సంగతి మాకు బాగా తెలుసు. మా పాత ఊరు ముంపు గీత లోపల ఉందని మమ్మల్ని లేపారు. మా పక్క ఊరు గీత బయట ఉందని వాళ్లను ఉంచారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు గీత బయటున్న ఆ ఊరి ఇళ్లు కప్పుల దాకా మునిగాయి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీది మట్టి చారలు ఇప్పటికీ చెబుతాయి. చూడాల్సినవాళ్లు చూడకపోతే బంతి ఎక్కడ పడినా ఒకటే.

కంకర గుట్ట ఇంకా ఉంది. అర్జీ నంబరు టీచరన్న డైరీలో ఉంది. నెలకోసారి పోయి అడుగుతున్నాం, ఈసారి పిల్లల్ని కూడా తీసుకుపోతున్నాం. అడగడం వాళ్లూ నేర్చుకోవాలి కదా.

ఈలోగా ఆదివారాలు పాత ఊరికి పోయి ఆడుతున్నాం. వరద తెచ్చిన ఒండ్రు మట్టి మీద బంతి ఎగరదు, పడిన చోటే కూర్చుంటుంది. గోల్ స్తంభాలకు వెదురు పాతాం. వానాకాలం నేల గోదావరిది, మిగతా నెలలు మాది. పక్క ఊళ్ల జట్లు వచ్చినప్పుడు, "ఇది మీ సొంత మైదానమేనా?" అని అడుగుతారు.

అవునంటాం. మొన్న అక్కడ 0-0తో డ్రా అయింది. గట్టు మీద కూర్చున్న మా ముసలివాళ్లు మమ్మల్ని కడుపారా తిట్టారు.