ఎర్ర చుక్కకు తోక

కళ్లజోడు చీటీలో ఒక్కో కంటికి మూడు గళ్లుంటాయి. మొదటి గడిలోని అంకె గురించి అందరికీ తెలుసు. "నీ పవరెంత?" అని పెళ్లిచూపుల్లో కూడా అడిగేది దాని గురించే. పక్కన 'సిలిండర్' అనీ, 'యాక్సిస్' అనీ ఉండే మిగతా రెండు గళ్లను అద్దాలు చేసే దుకాణదారు తప్ప ఎవరూ పట్టించుకోరు. ఈ వ్యాసం ఆ రెండు గళ్ల గురించే. చిత్రమేమిటంటే, వాటి సంగతి మా ఇంట్లో బయటపెట్టింది తుపాకీ మీద అమర్చే ఒక ఎర్ర చుక్క.

బ్యాంకు ఆఫీసరుకు తుపాకీతో ఏం పని అని మీరు అడగవచ్చు. మైసూరులో ఉండే మా చెల్లెలు అడగనే అడిగింది. "బ్యాంకులో తుపాకీ ఉండాల్సింది గార్డు చేతిలో కదన్నా, నీకెందుకు?" అంది. దానికి కారణం నా బదిలీ. మాది కోలారు జిల్లాలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం. ఉద్యోగరీత్యా కర్ణాటకలో చాలా ఊళ్లు తిరిగి 2021లో కొడగు జిల్లాకు చేరాను. కాఫీ తోటలకూ, మిరియాల తీగలకూ అప్పులిచ్చే శాఖ అది. ఫీల్డ్ మార్షల్ కరియప్ప, జనరల్ తిమ్మయ్య పుట్టిన ఆ సీమలో తుపాకీ అంటే ఇంటి దేవుడితో సమానం. అక్కడి కొడవలకూ, జమ్మా భూముల హక్కుదారులకూ బ్రిటిష్ కాలం నుంచి ఆయుధ లైసెన్సు మినహాయింపు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2019లో దాన్ని 2029 దాకా పొడిగించింది. వరినాట్లు ముగిశాక సెప్టెంబరు మొదట్లో వచ్చే 'కైల్‌పొళ్దు' పండుగనాడు తుపాకులను పూజలో పెట్టి, మనం అడవినాభి అనే మొక్క పువ్వుతో అలంకరిస్తారు. తరువాత చెట్టు మీద ఎత్తున కట్టిన కొబ్బరికాయను గురి చూసి కొడతారు. మన ఆయుధపూజకు అన్నదమ్ముల వరస అన్నమాట.

2022 పండుగకు మా శాఖ ఖాతాదారు ఒకాయన భోజనానికి పిలిచారు. సైన్యంలో పనిచేసి వచ్చి, కాఫీ తోట చూసుకుంటున్న పెద్దమనిషి. సెలవులకు నా దగ్గరికి వచ్చిన పదిహేనేళ్ల మేనల్లుణ్ని కూడా వెంట తీసుకువెళ్లాను. నాకూ వాడికీ అసలు తుపాకీ ఇవ్వకుండా, లైసెన్సు అక్కర్లేని తరగతికి చెందిన 0.177 అంగుళాల ఎయిర్ రైఫిల్ ఇచ్చి, పదిహేను మీటర్ల దూరంలో మట్టికట్ట ముందు కోడిగుడ్లు నిలబెట్టారు.

యాభై దాటినవాడికి మామూలు తుపాకీ గురి ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది. కంటి దగ్గర ఒక గాడి, గొట్టం చివర ఒక ముల్లు, ఆ అవతల గుడ్డు. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి, మూడూ ఒక గీతలోకి రావాలి. నలభై దాటిన కన్ను ఒకేసారి ఇన్ని దూరాలకు సర్దుకోలేదు. నా అవస్థ చూసి ఆ పెద్దాయన నవ్వి, "మీ వయసుకు ఇదుంది" అంటూ లోపలి నుంచి బొటనవేలంత గొట్టం ఒకటి తెచ్చి రైఫిల్ మీద బిగించారు. అదే రెడ్ డాట్ సైట్.

దాని కిటుకు చాలా సులువు. గొట్టంలో ఒక మూల చిన్న ఎర్ర దీపం ఉంటుంది. ముందున్న వంపు అద్దానికి పూసిన పూత ఆ ఎర్ర వెలుతురును మాత్రం మన కంటివైపు తిప్పి, మిగతా వెలుతురును చాలావరకు నేరుగా వదిలేస్తుంది. తిరిగి వచ్చే ఎర్ర కిరణాలు సమాంతరంగా ఉంటాయి కనుక ఆ చుక్క ఎంతో దూరాన ఉన్నట్లు కనిపిస్తుంది. గాడీ లేదు, ముల్లూ లేదు. చుక్క గుడ్డు మీద పడితే చాలు. ఈ ఆలోచనకు 1900లోనే డబ్లిన్ నగరానికి చెందిన హోవర్డ్ గ్రబ్ రూపం ఇచ్చాడు. దూరదర్శినులు తయారుచేసిన ఘనుడాయన. బ్యాటరీతో వెలిగే చుక్కను 1975లో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది.

నేను కన్ను పెట్టి చూశాను. చుక్క లేదు! ఎర్రటి పండు మిరపకాయ ఒకటి ఏటవాలుగా పడి ఉంది. పెద్దాయన చూసి, "గుండ్రంగానే ఉందే" అన్నారు. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, కంటిపొర ఆపరేషన్ కూడా అయింది. మేనల్లుడు చూశాడు. "రెండు చుక్కలు అతుక్కుపోయినట్టు ఉన్నాయి మామా" అన్నాడు.

వాడి మాట దగ్గర నేను ఆగిపోయాను. అంతకుముందు ఏడాది వాడు మైసూరులో రైఫిల్ శిక్షణకు చేరాడు. మన దేశంలో పిల్లలు మొదట నేర్చుకునేది సాధారణంగా గాడీ ముల్లూ ఉండే ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్. ఆరు నెలలు గడిచినా వాడి గుళ్లు ఒకచోట పడలేదు. నేర్పే ఆయన వాడికి ఏకాగ్రత లేదని తేల్చారు. ఇంట్లోనూ అదే మాట పాకింది. లెక్కల్లో మార్కు తగ్గినా, పాలు ఒలికినా 'వాడికి ఏకాగ్రత లేదు'. చివరికి వాడే శిక్షణ మానేశాడు.

కామర్స్ చదివినవాళ్లకు ఒక అలవాటుంటుంది. ట్రయల్ బ్యాలెన్సు కలవకపోతే, తేడా ఎక్కడుందో తేలేదాకా సవరణ ఎంట్రీ రాయరు. ఇక్కడా అంతే. తేడా పరికరంలో ఉందా, కంట్లో ఉందా? అది తేలకుండా కొత్త సైటు కొంటే, ఒక ఖాతాలోని తప్పుకు మరో ఖాతాలో డబ్బు కట్టినట్లే. ఆ సాయంత్రం సైటును రైఫిల్ నుంచి ఊడదీసి, మేం నాలుగు పరీక్షలు చేశాం. ఎవరైనా చేసుకోవచ్చు.

మొదటిది, సైటును చేత్తో పట్టుకుని, గోడ వైపు చూస్తూ, గడియారం ముల్లులా మెల్లగా తిప్పడం. చుక్క తోక సైటుతోపాటు తిరిగితే లోపం సైటుది. సైటు తిరిగినా తోక కదలకుంటే లోపం కంటిది. నా మిరపకాయ కదల్లేదు. రెండోది, సైటును కదపకుండా తలను పక్కకు వంచడం. తలతోపాటు తోకా వంగితే కంటి సంగతేనని రూఢి. మూడోది, సెల్‌ఫోను కెమెరాతో అద్దం గుండా చుక్కను ఫోటో తీయడం. ఫోటోలో చుక్క గుండ్రంగా వచ్చింది. నాలుగోది, అట్టముక్కకు గుండుసూదితో బెజ్జం చేసి, అందులోంచి చూడడం. మిరపకాయ చటుక్కున కుంకుమబొట్టయింది. మేనల్లుడి రెండు చుక్కలూ ఒకటయ్యాయి.

ఆ మరుసటి వారమే మైసూరులో మామా అల్లుళ్లం కంటి డాక్టరు ముందు కూర్చున్నాం. నాకు కుడికంట్లో సిలిండర్ ఒకటింబావు, వాడికి ఒకటీ ముప్పావు. దీన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. కంటి ముందరి పారదర్శకమైన పొర, అంటే కార్నియా, బంతిలా అన్నివైపులా సమానంగా వంగి ఉండాలి. అది చెంచా వీపులా ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వంగితే కిరణాలన్నీ ఒక బిందువు దగ్గర కలవవు. సిలిండర్ ఆ తేడా ఎంతో చెబుతుంది, యాక్సిస్ అది ఏ కోణంలో ఉందో చెబుతుంది. ఇది తరచు కుటుంబాల్లో నడుస్తుంది. "మేనమామ పోలికలు వచ్చాయి" అని మా చెల్లెలు ఇన్నాళ్లూ మురిసింది ఊరికే పోలేదు.

పుస్తకం చదివేటప్పుడు బయటపడనిది చుక్క దగ్గర ఎందుకు బయటపడింది? మసక నేపథ్యంలో వెలిగే సన్నని బిందువు ఏ వంకరనూ దాచదు. ఆకాశంలో నక్షత్రం, ఎదురొచ్చే కారు దీపం కూడా అంతే. పైగా చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది కనుక వంకర ఇంకా పెరుగుతుంది. ఈ లోపాన్ని 1801లో థామస్ యంగ్ తన సొంత కంట్లోనే గుర్తించి వివరించాడు. 1825లో జార్జ్ ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు తన ఎడమ కంటి కోసం స్తూపాకారపు వంపున్న అద్దం చేయించుకున్నాడు. చీటీలోని 'సిలిండర్' ఆ వంపే.

ఇక సైటు ఎంపిక. ఈ బాధ ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందని కొంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఖర్చు లేని మందు: వెలుతురు తగ్గించడం. చాలామంది చుక్కను కణకణలాడేలా పెడతారు. గురి మీద కనిపించీ కనిపించనంతగా తగ్గిస్తే తోక సగం మాయమవుతుంది. కొనేటప్పుడు వెలుతురును ఎక్కువ మెట్లలో తగ్గించగలిగేదే చూడండి.

తరువాత చుక్క పరిమాణం. దీన్ని 'ఎంఓఏ' అనే కొలతలో చెబుతారు. ఒక ఎంఓఏ అంటే వంద మీటర్ల దూరంలో సుమారు 2.9 సెంటీమీటర్లు, పది మీటర్ల దగ్గర 2.9 మిల్లీమీటర్లు. రెండు ఎంఓఏల చుక్క మా గుడ్డు దూరంలో తొమ్మిది మిల్లీమీటర్లన్నమాట. మరీ చిన్న చుక్క కనిపించక వెలుతురు పెంచుతాం, పెంచగానే తోక మొలుస్తుంది. మసకగా పెట్టిన కాస్త పెద్ద చుక్క కొందరికి నయం. చుక్క చుట్టూ వలయం ఉన్న రకంలో చుక్క చెదిరినా వలయం మధ్యను కన్ను పట్టుకోగలదు. ఎరుపుకన్నా ఆకుపచ్చ కొందరికి తేటగా ఉంటుంది. అది చూసి తేల్చుకోవలసిందే.

మూడోది ప్రిజం సైట్. ఇందులో గుర్తును అద్దం మీదే చెక్కుతారు. దీపం లేకపోయినా పగటిపూట నల్లగా కనబడుతుంది. వెలిగే బిందువు కాదు కనుక చెదరడం బాగా తక్కువ. అయితే బరువెక్కువ, ధరెక్కువ, కన్ను నియమిత దూరంలోనే ఉండాలి. దాని వెనక తిప్పే మర మొదటి గడి పవరును సర్దుతుందే గాని సిలిండర్‌ను సర్దదు. అది మరచి కొంటే నిరాశే. ఇంకో ఉపాయం, రెడ్ డాట్ వెనక సన్నని బెజ్జం ఉన్న పీప్ సైట్ బిగించి, అందులోంచి చుక్కను చూడడం. మన గుండుసూది బెజ్జం సూత్రమే అది.

ఎయిర్ రైఫిల్ వాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. స్ప్రింగు రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండువైపులా కుదుపుతుంది కనుక ఆ కుదుపుకు తట్టుకునే సైటేనా అని అడిగి కొనాలి. దగ్గర దూరాల్లో తల పక్కకు జరిగితే చుక్క స్థానం కొద్దిగా మారుతుంది కనుక చుక్కను అద్దం నడుమనే ఉంచుకోవాలి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అంతర్జాతీయ పోటీల్లో ఈ ఎలక్ట్రానిక్ సైట్లు చెల్లవు. ఇవి సరదా గురికే.

అన్నిటికన్నా ముఖ్యమైనది కళ్లజోడు. యాభై దాటినవాళ్లం చాలామంది ప్రోగ్రెసివ్ అద్దాలు వాడతాం. వాటి పక్కభాగాల్లో తయారీ రీత్యానే కొంత ఆస్టిగ్మాటిజం ఉంటుంది. రైఫిల్ మీద చెంప ఆనించినప్పుడు మనం చూసేది అద్దం నడుమ నుంచి కాదు, ముక్కు పక్క పైమూల నుంచి. కనుక గురికి విడిగా, దూరపు చూపుకు, సిలిండర్ పూర్తిగా వేసిన ఒకే పవరు అద్దం ఉండాలి. ఫ్రేము ముక్కు మీద వంకరగా కూర్చోకూడదు. యాక్సిస్ ముప్పై డిగ్రీలు తప్పితే ఆ సిలిండర్ ఉన్నా లేనట్లే. నేను భుజాన రైఫిల్ ఆనించిన భంగిమ ఫోటో తీసుకెళ్లి దుకాణంలో చూపించాను. దుకాణదారు ముందు కంగారుపడ్డా, విషయం విని ఆసక్తిగా అద్దం కేంద్రం గుర్తు పెట్టి ఇచ్చాడు. కొత్త అద్దాలతో పెద్దాయన పాత సైటులోనే చుక్క గుండ్రంగా కనిపించింది. నేను వేరే సైటు కొననేలేదు. ఘాట్ రోడ్డులో రాత్రిపూట ఎదురు దీపాలు కూడా ముళ్లు రాలిపోయి దీపాల్లా కనిపించడం పైలాభం.

అయితే మేనల్లుడి మాట ముందు ఇదంతా చిన్నదే. అద్దాలు వచ్చిన రోజు సాయంత్రం వాడు వీధి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. తరువాత లోపలికి వచ్చి, "మామా, వీధి దీపాలకు మీసాలుండవా? అందరికీ ఇలాగే కనిపిస్తాయా?" అన్నాడు. పదిహేనేళ్లుగా వాడు దీపావళి దీపాలను మీసాలతోనే చూశాడు. అందరూ అలాగే చూస్తారనుకున్నాడు. పుట్టినప్పటి నుంచి అలా చూసినవాడికి వేరేలా ఉంటుందని ఎలా తెలుస్తుంది? మా చెల్లెలు కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో 'ఏకాగ్రత' అనే మాట వినపడలేదు. వాడు మళ్లీ శిక్షణకు వెళ్తున్నాడు. పతకాలేమీ రాలేదు. గుళ్లు మాత్రం ఒకచోటే పడుతున్నాయి.

పాఠకులకు నా మనవి ఒక్కటే. తుపాకీ జోలికి మీరు వెళ్లనక్కర్లేదు. ఒక రాత్రి మీ పిల్లల్ని మేడ మీదికి తీసుకెళ్లి, దూరపు దీపం ఎలా కనిపిస్తోందో కాగితం మీద గీయమనండి. మీరూ గీయండి. గుండ్రని చుక్కకు బదులు గీతో, తోకో, జంట చుక్కో వస్తే కంటి డాక్టరుకు చూపించండి. చిన్నతనంలో ఎక్కువ సిలిండర్‌ను సరిచేయకపోతే ఆ కంటి చూపు మందగించి, తరువాత అద్దాలు పెట్టినా పూర్తిగా రాకపోవచ్చు. అద్దాలతోనూ చుక్క సరికాకపోయినా, సిలిండర్ ఏటేటా పెరుగుతున్నా కార్నియా పటం తీయించడం అవసరం. కళ్లు గట్టిగా నలుపుకునే అలవాటుంటే మాన్పించండి. ఇంతకీ ఆ చీటీలో రెండో గడి, మూడో గడి ఉన్నాయి చూశారా, ఈసారి వాటిని కూడా చదవండి.