నెమ్ము గుండెదాకా పాకితే

పిల్లల వార్డుకు వెళ్లేసరికి ఉదయం రౌండ్లు సగమయ్యాయి. ఏజెన్సీ కొండల నుంచీ, సముద్రపొడ్డు పల్లెల నుంచీ జనం వచ్చే ఉత్తరాంధ్ర బోధనాసుపత్రి అది. చలి ముదిరే రోజులు. మంచానికి ఇద్దరేసి పిల్లలు, మంచాల కింద చాపలు, క్యారేజీలు. చాలామందివి నెమ్ము కేసులే. నేను వెళ్లింది మాత్రం చివరి గదిలో ఉన్న నాలుగేళ్ల పిల్లాడి కోసం. "చదువుకునేటప్పుడు పరీక్షకు రాస్తాం, తర్వాత మర్చిపోతాం. అలాంటి జబ్బు. వచ్చి చూడండి" అన్నారు అక్కడి ప్రొఫెసరమ్మ.

పిల్లాడు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. రొమ్ము ఎముక కింద నుంచి సన్నటి గొట్టం, దాని చివర సంచి. అందులో పసుపుపచ్చగా చిక్కటి చీము. అది ఊపిరితిత్తిలోది కాదు, గుండె చుట్టూ ఉన్న సంచిలోది.

తల్లిని అడిగితే కథంతా చెప్పింది. "జొరం, దగ్గు వచ్చింది బాబూ. ఊళ్లో సూది మందేయించినాం. తగ్గినట్టే తగ్గింది. మానీసినాం. మళ్లీ తిరగబెట్టీసింది. పడుకోబెడితే ఏడుపు, కూకోబెడితే ఊరుకునేవోడు."

ఆ ఆఖరి మాట దగ్గర ప్రొఫెసరమ్మ నా వైపు చూశారు. ఈ జబ్బుకు అది పెద్ద ఆనవాలట. గుండె పొరలు వాచినప్పుడు వెల్లకిలా పడుకుంటే నొప్పి ఎక్కువవుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త ఉపశమనం. మాటలు పూర్తిగా రాని పిల్లలు ఏడుపుతోనే ఆ సంగతి చెబుతారు. వినే తీరిక మనకుండాలి.

గుండెను రెండు పొరల సంచి కప్పి ఉంటుంది. పెరికార్డియం అంటారు. పెద్దవాళ్లలో ఆ పొరల మధ్య మామూలుగా ఉండే ద్రవం 50 మిల్లీలీటర్లు దాటదు. ఊపిరితిత్తులు దాన్ని ఆనుకునే ఉంటాయి. నెమ్ము ముదిరి ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టిందంటే, పక్కనున్న సంచికి పాకడానికి ఎంతో దూరం లేదు. రక్తంలో కలిసి కూడా బ్యాక్టీరియా అక్కడికి చేరుతుంది. పిల్లల్లో ఎక్కువగా స్టాఫిలోకాకస్, తర్వాత న్యుమోకాకస్. ద్రవం మెల్లగా చేరితే సంచి సాగి చోటిస్తుంది. వేగంగా చేరితే, పెద్దవాళ్లకైనా 200 మిల్లీలీటర్లు చాలు, గుండె విప్పారలేక నలిగిపోతుంది. రక్తపోటు పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె చప్పుడు మసకబారడం అనే మూడు గుర్తులను అమెరికా సర్జన్ క్లాడ్ బెక్ 1935లోనే రాసిపెట్టాడు.

గుండె స్కాన్ తీసే ఎకో గదిలో మరో బిడ్డకు పరీక్ష చేస్తుంటే తెర మీద చూశాను. గుండె చుట్టూ నల్లటి పట్టీ కనబడితే ద్రవం ఉన్నట్టు. చివరి గది పిల్లాడి తొలి ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి తెల్లగా కమ్మేసి ఉంది. గుండె నీడ పెరిగిన సంగతి ఆ తెలుపులో కలిసిపోయింది. మందులు పడుతున్నా జ్వరం దిగలేదు, ఆయాసం పెరిగింది, కాలేయం ఉబ్బింది. అప్పుడు తీసిన ఎకోతో గుట్టు బయటపడింది. సూదితో కొంత లాగారు గానీ, చిక్కటి చీము సూదికి లొంగదు. సర్జన్లు చిన్న గాటు పెట్టి గొట్టం వేశారు. ఆ చీమును క్షయ పరీక్షకు కూడా పంపారు. మన దేశంలో గుండె పొరల జబ్బు అనగానే ముందు అనుమానించాల్సింది దాన్నే. కాకపోతే క్షయ వారాల తరబడి మెల్లగా వస్తుంది, ఇది రోజుల్లో ముంచుతుంది.

కింది అంతస్తులో పాథాలజీ మ్యూజియం. ఫార్మలిన్ జాడీలో పాత గుండె ఒకటి, పైనంతా గరుకు గరుకుగా నారలు. వెన్న రాసిన రెండు రొట్టె ముక్కల్ని అంటించి విడదీసినట్టుంటుందని వైద్య గ్రంథాల పోలిక. పెన్సిలిన్ రాకముందు ఈ చీము జబ్బుకు పెద్ద కారణం నెమ్మే (న్యుమోనియా). చీము తీయకుండా వదిలేస్తే ఈనాటికీ దాదాపు బతకరు. తీసినా వారాల తరబడి నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించాలి. నయమయ్యాక కొందరిలో ఆ పొర మందంగా గట్టిపడి గుండెను బిగిస్తుంది. అప్పుడు దాన్ని ఒలిచేసే పెద్ద ఆపరేషన్. అందుకే ఇంటికి పంపాక కూడా ఎకోలకు రమ్మంటారు. ఏజెన్సీలో పాడేరు అవతలి నుంచి బస్సు చార్జీలు పెట్టుకుని ఎందరు వస్తారన్నది వేరే సంగతి.

అరుదైన జబ్బే, కాదనను. నాకు కోపం తెప్పించింది ఆ అరుదుతనం కాదు, అక్కడిదాకా రానిచ్చిన తీరు. సగంలో ఆపిన మందులు, జ్వరం ఎందుకు తిరగబెట్టిందో అడగని వైద్యం, ఎక్కడో పోయిన టీకా కార్డు. న్యుమోకాకస్ టీకా మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో అంతటికీ వచ్చింది. హైదరాబాద్‌లోని బయలాజికల్ ఇ కంపెనీ కూడా ఈ క్రిమిలో 14 రకాలకు టీకా తయారు చేసింది. స్టాఫిలోకాకస్‌ను ఇది ఆపలేదు గానీ, న్యుమోకాకస్ దారిని చాలావరకు మూస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం: 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు. మూడో డోసును మర్చిపోయే ఇళ్లే ఎక్కువని వార్డు సిస్టరమ్మ చెప్పింది. కార్డు తీసి ఆ గడి చూడండి, ఖాళీగా ఉంటే ఏఎన్ఎమ్మను అడగండి. జ్వరంతో ఉన్న బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 చేరినా, డొక్కలెగరేస్తున్నా ఇంకో సూదిమందు కోసం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.