కల అని తెలిసినా కల కరగదు



ఈసారి మేము రాసేది స్కాలర్‌షిప్ గురించీ కాదు, నోటిఫికేషన్ గురించీ కాదు. కలల గురించి. నవ్వుకుని వదిలేయకుండా చివరిదాకా చదవండి.

మా హాస్టల్ గదిలో ఆరుగురం. సవరలు ముగ్గురు, జాతాపులు ఇద్దరు, గదబ ఒకడు. అందరం సీతంపేట, పార్వతీపురం, సాలూరు వైపు కొండల నుంచి వచ్చినవాళ్లమే. ఆరు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. రోజూ 5 గంటలకు బెల్లు కొడితే లేస్తాం. ఆదివారం మాత్రం హాజరు పలికేసి మళ్లీ ముసుగు తన్ని పడుకుంటాం. ఆ రెండో నిద్రలోనే మాకు ఈ రకం కలలు వస్తాయి: కల నడుస్తుండగానే "ఇది కల" అని మనకి తెలిసిపోయే కలలు.

వీటిని లూసిడ్ డ్రీమ్స్ అంటారు. మేము గదిలో ఎరుక కలలు అనుకుంటాం. డచ్ డాక్టరు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో రాసిన వ్యాసం వల్ల ఆ ఇంగ్లిష్ పేరు నిలబడింది. అంతకుముందు ఏళ్లలో జరిగిన సర్వేలన్నీ కలిపి 2016లో లెక్క కడితే, 100 మందిలో సుమారు 55 మందికి జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చిందని తేలింది. కాబట్టి ఇది రోగం కాదు, గొప్పా కాదు.

రాని వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. "కల అని తెలిసిపోయాక ఇంకేటుంటాది? సినిమా చూసినట్టు ఉంటాదేమో?" అలా ఉండదు. గెడ్డలో దిగితే నీళ్లు చల్లగానే తగుల్తాయి. అరికాలి కింద గులకరాయి గుచ్చుకుంటాది. చోడి అంబలి తాగితే ఆ పులుపు నాలుక మీద ఉంటాది. "నేను హాస్టల్లో మంచం మీద పడుకుని ఉన్నాను" అన్న సంగతీ తెలుస్తానే ఉంటాది, నీళ్లూ చల్లగానే ఉంటాయి. ఒకటి వచ్చిందని రెండోది పోదు.

మా మాట నమ్మకపోతే ఒక పని చెయ్యండి. బొటనవేలు కళ్ల ముందు పెట్టి గాల్లో మెల్లగా సున్నా చుట్టండి, చూపు దాని వెంటే పోనివ్వండి. కళ్లు నున్నగా తిరుగుతాయి. ఇప్పుడు కళ్లు మూసుకుని, వేలు కదపకుండా అదే సున్నా ఊహించుకోండి. చూపు గెంతుతూ గెంతుతూ పోతాది. మరి ఎరుక కలలో? స్టీఫెన్ లాబెర్జ్, ఆయన తోటివాళ్లు 2018లో దీన్నే పరీక్షించారు. కలలో ఉన్నవాళ్లు కలలోని వేలితో సున్నా చుడితే, వాళ్ల కళ్లు మెలకువలో తిరిగినట్టే నున్నగా తిరిగాయి. ఊహలో లాగా గెంతలేదు. అంటే కలని మనం ఊహించుకోవడం లేదు, చూస్తున్నాం.

నిద్రపోయేవాడి కళ్ల సంగతి ఎలా తెలిసిందంటారా? కలలు ఎక్కువగా వచ్చే నిద్ర ఒకటుంది, రెమ్ నిద్ర. దాన్ని 1953లో చికాగోలో కనిపెట్టారు. ఆ సమయంలో కాళ్లూ చేతులూ కట్టేసినట్టు ఉంటాయి, కళ్లు మాత్రం ఆడతాయి. తెల్లవారే కొద్దీ ఈ నిద్ర ఎక్కువసేపు ఉంటాది, అందుకే పొద్దున్న రెండో నిద్రలో కలలు ఎక్కువ. 1975 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని హల్ యూనివర్సిటీలో అలాన్ వర్స్‌లీ అనే ఆయన, ముందే అనుకున్న ప్రకారం కల లోపలి నుంచి కళ్లు ఎడమకీ కుడికీ తిప్పి సైగ చేశాడు. పరీక్ష చేసిన ఆయన పేరు కీత్ హెర్న్. 2021లో నాలుగు దేశాల పరిశోధకులు ఇంకా ముందుకెళ్లారు. నిద్రలో ఉన్నవాడిని 8లోంచి 6 తీస్తే ఎంత అని అడిగితే, రెండుసార్లు కళ్లు తిప్పి జవాబిచ్చాడు. అడిగిన ప్రతిసారీ జవాబు రాలేదు గానీ, వచ్చినవి చాలు.

ఇప్పుడు అసలు సంగతి.

మాలో ఒకడికి నానమ్మ కలలోకి వచ్చింది. ఆమె పోయి రెండేళ్లయింది. పోడు గట్టు మీద కూర్చుని అడ్డాకులు కుడుతోంది, నోట్లో అడ్డపొగ. వీణ్ణి చూసి "ఎప్పుడొచ్చావురా?" అంది, తెలుగులో. బతికున్నన్నాళ్లూ ఆమెకి సవర తప్ప ఇంకో మాట రాదు. సంతలో చీపుర్లు అమ్మినా వేళ్లతోనే బేరం. అక్కడే వీడికి తెలిసిపోయింది, ఇది కల అని. ఆమె లేదని కూడా గుర్తొచ్చింది. అయినా ఆమె చెదిరిపోలేదు. పొగాకు వాసన అలాగే ఉంది. ఆకు అందుకుంటే పుల్ల వేలికి గుచ్చుకుంది, నొప్పి కూడా పెట్టింది.

దొరికిందే సందని వీడు సవరలో అడిగాడు. వానలు పడ్డాక ఆమె అడవిలో తవ్వి తెచ్చే దుంప ఒకటి ఉండేది, దాని పేరేంటని. ఆమె ఆకు కింద పెట్టింది. వీడి మొహం చూసి నవ్వింది. పేరు చెప్పలేదు. మెలకువొచ్చేసింది.

ఆ రోజు మేము ఆరుగురం మధ్యాహ్నం దాకా దీని గురించే మాట్లాడుకున్నాం. వాసన తేగలిగింది, నొప్పి తేగలిగింది, చచ్చిపోయిన మనిషి నవ్వు తేగలిగింది, ఒక్క మాట ఎందుకు తేలేకపోయింది? మాకు తోచింది ఇదీ: కల మన దగ్గరున్న సరుకుతోనే ఇల్లు కడతాది. ఆ పేరు వీడి దగ్గర లేదు. ఆరో తరగతి నుంచి హాస్టళ్లలో పెరిగాం. పొద్దున్నుంచి రాత్రి దాకా తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. నానమ్మే వీడి కలలో తెలుగు మాట్లాడిందంటే, వీడి లోపల సవర ఎంత మిగిలిందో చూడండి.

మన పెద్దలు కలని తేలిగ్గా తీసుకోరు. ఒడిశా సవరల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన పుస్తకంలో రాశాడు: కలలో చూపించిన ప్రకారం ఇంటి గోడ మీద బొమ్మ గీస్తారని. చచ్చిపోయినవాళ్లు కలలోకి వచ్చి అడుగుతారని మా ఇళ్లలోనూ అంటారు. ల్యాబులో కళ్లకు తీగలు పెట్టి చూసినవాళ్లూ, గోడ మీద బొమ్మ గీసినవాళ్లూ ఒక్కదానికి ఒప్పుకున్నారు, కలలో చూసింది ఊరికే పోయేది కాదని. మేము ఇద్దర్లో ఎవర్నీ తప్పనం.

తమ్ముళ్లకి, చెల్లెళ్లకి రెండు మాటలు. కొన్నిసార్లు మెలకువొచ్చినా ఒళ్లు కదలదు, గుండె మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటాది. భయపడి పరుగెత్తి ఇంటికి పోవద్దు. రెమ్ నిద్రలో ఒళ్లు కట్టేసినట్టు ఉంటాదన్నాం కదా, ఆ కట్టు విడిపోకముందే కళ్లు తెరుచుకున్నాయి, అంతే. కాసేపట్లో అదే పోతాది. ఇంకోటి, ఇలాంటి కలల కోసమని రాత్రుళ్లు అలారం పెట్టుకుని నిద్ర చెడగొట్టుకోవద్దు. పగలు కూడా ఏది కలో ఏది నిజమో తేలకపోతే డాక్టరుకి చూపించుకోండి.

ఆ సాయంత్రం మావాడు వాళ్లమ్మకి ఫోన్ చేసి దుంప పేరు అడిగాడు. అర నిమిషంలో చెప్పింది. ఎప్పుడు తవ్వాలో, ఎన్ని నీళ్లు పోసి ఉడకబెట్టాలో కూడా చెప్పింది. అప్పట్నుంచి గదిలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. సవర, జాతాపు, గదబ మాటలు ఎవరింటికి ఫోన్ చేసినప్పుడు వాళ్లు అడిగి రాస్తున్నాం. ఇప్పటికి 140 దాటాయి.

మీ ఇళ్లలో కూడా ఆ మాటలు తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు కదా. ఈ వారం ఫోన్ చేసినప్పుడు ఒక్క మాటైనా అడగండి.