గరగ ఎవరు ఎత్తాలి?

అమ్మవారు ఆడది. ఆవిడ గరగ నెత్తిన పెట్టుకుని ఆడేది మాత్రం మగవాడు. మా తాటిపాక చుట్టుపక్కల నేను చూసిన జాతరలన్నిటా ఇంతే. డప్పులు మోగుతుంటే, అంత బరువుతో చెయ్యి ఆన్చకుండా గిర్రున తిరగడం చూడవలసిందే లెండి! గరగ గుమ్మంలోకి వస్తే మేం కాళ్ళమీద పసుపునీళ్ళు పోసి, చాటలో బియ్యం పెట్టి, దణ్ణంపెట్టి తప్పుకుంటాం.

మాకూ ఓ ఆట లేకపోలేదు. ధనుర్మాసంలో గొబ్బెమ్మల చుట్టూ చప్పట్లు చరుస్తూ తిరగడం ఆడపిల్లల సొత్తు. మగపిల్లవాడు అందులో అడుగుపెడితే వారంరోజులు వాడికి నవ్వులాటే. కాని పెళ్ళయ్యాక మాకు ముగ్గూ పేడా మిగులుతాయి. పాట చిన్నపిల్లలకు పోతుంది.

మొన్న జాతరలో మా అమ్మాయి, "నేను గరగ ఎత్తకూడదా నాన్నా?" అంది. మావారు "ఆ బరువు నీకేం తెలుసే?" అని నవ్వేశారు. ఈ ఇంట్లో కాలవనుంచి బిందెలు మోసిందెవరో ఆయన మరిచిపోయారు కాబోలు!

అప్పటికి నేను కోలిన్ టర్న్‌బుల్ 1961లో వెలువరించిన పుస్తకం చదువుతున్నాను. కాంగోలోని ఇతూరి అడవుల్లో వేటాడి, తేనె, దుంపలు ఏరుకుని బతికే ఎంబూటీల నడుమ ఆయన 1957-58లో కాపురమున్నాడు. అక్కడ ఓ పెద్దావిడ పోయినప్పుడు 'మొలిమో' జరిపారు. అడవి నిద్రపోతేనే కీడు కలుగుతుందట; దాన్ని పాటలతో లేపాలి. మొలిమో బూర మగవాళ్ళ రహస్యం. అది ఊదే వేళకు ఆడవాళ్ళూ పిల్లలూ గుడిసెల్లోకి పోవాలి. (ఆ బూర రోడ్డు పనివాళ్ళ దగ్గర కాజేసిన లోహపు గొట్టమే!)

ఇంతవరకూ మన కథే. కాని ఒక రాత్రి ఓ ముసలావిడ ఆ మగవాళ్ళ మధ్యకు వచ్చి, నిప్పుల్లో ఆడి, వాటిని కాళ్ళతో చిమ్మేసింది. మగవాళ్ళు పోగుచేసి, ఆడుతూ మళ్ళీ రాజేశారు. ఆవిడ మళ్ళీ చిమ్మింది. ఆ పైన పాడుతున్నవాళ్ళ మెడలకు వరసగా తాడు వేసింది. తాడు పడ్డవాడల్లా పాట ఆపేశాడు. ఆడది తమనూ, వేటనూ, మొలిమోనూ కట్టేసిందని వాళ్ళే ఒప్పుకుని, ఏదో ఒకటి ఇచ్చుకుంటేగాని ఆవిడ విప్పలేదు.

ఆడపిల్ల పెద్దమనిషయితే అక్కడా వేరే గుడిసెలోనే ఉంచుతారు. అయితే తోడు స్నేహితురాళ్ళుంటారు, పాటలుంటాయి. బయటికి వచ్చి కొరడాలతో కుర్రాళ్ళను తరుముతారు కూడా. మూలన చాపమీద కూర్చున్న నా పదిరోజులూ గుర్తొచ్చాయి.

రాత్రి భోజనాలయ్యాక ఇదంతా పైకి చదివి వినిపించాను. మావారు "ఎక్కడో అడవిమనుషుల గొడవ" అంటూ లేచారు. అత్తగారు మాత్రం వత్తులు చేసుకుంటూ చివరిదాకా విన్నారు.

"ఆ ముసలావిడకి నా వయసుంటుందంటావా?" అన్నారు.