ఖవ్వాలీకి దారెటు?

మేం పాట వినడానికి బయల్దేరాం. అంతకుమించి ఆ రోజు మా జీపులో వేరే ఉద్దేశమేదీ లేదు. కానీ నరసరావుపేట నుంచి హైదరాబాదు పాతబస్తీ దాకా ఎవరో ఒకరు మమ్మల్ని ఆపి, మీరెవరని అడుగుతూనే ఉన్నారు. మేం చెప్పిన జవాబు ఎవరికీ సరిపోలేదు. చివరికి పాట మాకు దక్కలేదు, ప్రశ్న మాత్రం మిగిలింది.

అది 1993 ఫిబ్రవరి మొదటి వారం. రెండు నెలల ముందు, 1992 డిసెంబర్ 6న, బాబ్రీ మసీదుని కూల్చేశారు. ఆ తర్వాత బొంబాయి తగలబడింది. ఆ రెండు నెలలూ మా ఇళ్ళల్లో రేడియో గొంతు తగ్గించి విన్నాం. పొద్దుగూకితే అమ్మలు మమ్మల్ని గడప దాటనివ్వలేదు. రోజూ కూర్చునే టీ కొట్టుకి వెళ్తే, బల్ల మీద మాటలు ఠక్కున ఆగిపోయేవి. "ఏం లేదులే, కూర్చోండి" అనేవాళ్ళు. ఏం లేకపోతే ఎందుకు ఆపారు? అడగాలనిపించేది. అడగలేదు. మా పెద్దవాళ్ళు మాకు నేర్పిన చదువు ఒకటే: మెల్లగా మాట్లాడు, తల దించుకుని ఇంటికి రా.

అలాంటప్పుడు హైదరాబాదులోని మా చుట్టాల దగ్గర్నించి కార్డు ముక్క వచ్చింది. వచ్చే జుమ్మేరాత్ రాత్రి పాతబస్తీలో పెద్ద ఖవ్వాలీ మెహఫిల్ ఉంది, వీలైతే రండి అని. మా ప్రాణం లేచొచ్చింది. ఖవ్వాలీలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. పాడేవాడు గుండె చీల్చుకుని పాడతాడు. చప్పట్లు కొట్టేవాళ్ళు అరచేతులు వాచేలా కొడతారు. వినేవాడు లేచి నిలబడి 'వాహ్' అని అరవచ్చు. మాకు కావలసింది ఆ అరుపే. రెండు నెలలుగా గొంతులో ఇరుక్కున్నదాన్ని ఎక్కడో ఒకచోట బయటికి వదలాలి.

అందరం కలిసి పదకొండుమందిమి. లారీ మెకానిక్కులు, దర్జీలు, డిగ్రీ తప్పి సైకిల్ షాపులో కూర్చున్నవాడు, పరుపులు కుట్టే దూదేకులాయన కొడుకు. మాతోపాటు ఒక హిందూ స్నేహితుడు. మా వైపు దర్గాకి మొక్కుకుని కన్న పిల్లలకి, హిందువులైనా సరే, మస్తాన్‌రావు, నాగూర్‌బాబు లాంటి పేర్లు పెడతారు. వీడిది అలాంటి పేరే. డబ్బులు పోగేసి పాత జీపు ఒకటి అద్దెకి తీసుకున్నాం. ఒక డోలక్, ఒక టేప్‌రికార్డరు, రెండు క్యాసెట్లు. ఒకటి నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీ, రెండోది షేక్ నాజర్ చెప్పిన పల్నాటి యుద్ధం బుర్రకథ. మధ్యాహ్నం మల్లమ్మ సెంటర్లో బయల్దేరాం. రాత్రి ఎనిమిదికల్లా మెహఫిల్లో ఉండాలి.

కారెంపూడి దగ్గర టైరు పేలింది. స్టెప్నీ దించి చూస్తే అందులోనూ గాలి లేదు. పంక్చరు వేసే కుర్రాడు అన్నానికి వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలీదు. నాగులేరు పక్కన, వీరుల గుడికి కాస్త దూరంలో చెట్టు నీడన కూలబడ్డాం. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగిందని చెప్పే చోటు అదే. మాటల్లో బ్రహ్మనాయుడి చాపకూడు వచ్చింది. మాచర్ల చెన్నకేశవుడి సాక్షిగా అన్ని కులాల్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసుని కొడుకుగా చేసుకున్నాడని మేం చిన్నప్పట్నించీ వింటున్నదే.

"ఆ చాప మీద మనకి చోటుండేదంటావా?" అన్నాడు మాలో ఒకడు.

దూదేకులాయన కొడుకు నవ్వాడు. "ముందు మన చాప సంగతి చూసుకోండి భాయ్. మా ఇంటి పిల్లని మీలో ఎవరైనా చేసుకుంటారా?"

ఎవరం మాట్లాడలేదు. షేకులం, సయ్యదులం, పఠాన్లం, అందరం నేల చూశాం. మసీదులో భుజం భుజం కలిపి నిలబడతాం. వియ్యం దగ్గరకొచ్చేసరికి దూదేకుల వాళ్ళకి తెలుగు తప్ప రాదంటాం, నమాజు సరిగా చెయ్యరంటాం. ఊళ్ళో మమ్మల్ని వేరుగా చూస్తున్నారని ఏడ్చే మేమే మా ఇంట్లో ఇంకొకర్ని వేరుగా కూర్చోబెడుతున్నాం. బయటి వాళ్ళని అడిగే ముందు దీనికి మేం జవాబు చెప్పుకోవాలి.

వాడే మళ్ళీ అన్నాడు. "పల్నాటి వీరుల కథ ఊరూరా తిరిగి చెప్పిందెవరు? నాజర్ కాదూ? మావాడే కదా!"

నిజమే. షేక్ నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టాడు. ప్రజానాట్యమండలి వేదికల మీద బుర్రకథని పేదవాడి ఆయుధంగా మార్చాడు. బుర్రకథలో నడుమ కథకుడు తంబురా పట్టుకుని ఆడతాడు. పక్కన ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు రాజకీయం. ఎప్పటి రాజుల కథ చెబుతున్నా, ఇప్పటి దొరల్ని నిలదీసే వీలు ఆ రాజకీయం వంతకుంది. 1986లో నాజర్‌కి పద్మశ్రీ ఇచ్చారు. 1997లో ఆయన పోయాడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. ఊరు ఏ మాటని తిట్టుగా వాడిందో ఆ మాటనే పుస్తకానికి తలపాగా చుట్టినట్టు చుట్టాడు.

టైరు సరయ్యేసరికి రెండు గంటలు. మాచర్లలో గురజాల మిత్రుల బస్సు రాలేదని ఇంకో గంట. సాగర్ దగ్గర కృష్ణ దాటే ముందు పోలీసులు ఆపేసరికి చీకటి పడింది.

ఆ రోజుల్లో నల్లమల అంచున రాత్రిపూట తిరిగే కుర్రాళ్ళంటే అన్నలేమోనని అనుమానం. అందరినీ ఆపేవాళ్ళు, అందులో తప్పేం లేదనుకున్నాం. జీపు దిగి వరసగా నిలబడ్డాం. పేర్లడిగారు. మొదటివాడు చెప్పాడు. రెండోవాడు చెప్పాడు. మూడో పేరు వినేసరికి టార్చిలైటు మా చేతుల మీంచి మొహాల మీదికి లేచింది. "ఇంతమంది తురకోళ్ళు ఒక్క బండిలో ఎక్కడికిరా?"

"ఖవ్వాలీకి సార్."

"అంటే?"

ఎలా చెప్పాలి? పాట అన్నాం. దేవుడి పాట అన్నాం. మా హిందూ స్నేహితుడి వంతు వచ్చింది. పేరు విన్న పోలీసాయన గందరగోళంలో పడ్డాడు. "నువ్వు మనోడివా, వాళ్ళోడివా?"

వాడు తడుముకోకుండా చెప్పాడు. "నాది నరసరావుపేట సార్."

ఇన్నేళ్ళుగా మేం రాసిన కాగితాలన్నిటిలోనూ అంతకంటే మంచి జవాబు మాకు దొరకలేదు. కానీ ఆ రాత్రి అది చెల్లలేదు. డోలక్‌ని అటూ ఇటూ కదిపి చూశారు. క్యాసెట్లు పెట్టించి విన్నారు. బుర్రకథ వినగానే ఒకాయన మొహం విప్పారింది. "నాజరు గదా!" అని కాసేపు నిలబడి విని క్యాసెట్ తిరిగిచ్చాడు. ఖవ్వాలీ క్యాసెట్ మాత్రం ఉంచేసుకున్నారు. "ఇందులో ఏం చెబుతున్నాడో ఎవడికి తెలుసు?"

నిజం చెప్పొద్దూ, మాకూ సగం తెలీదు. అందులో పారసీ ఉంది, పంజాబీ ఉంది. మా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు కలిసిన తురకం. అర్థం కాని ఆ పాట మా మీద సాక్ష్యమైంది. అర్థమైన బుర్రకథ చెప్పింది కూడా ఒక షేకే అని ఆ పోలీసాయనకి ఎవరూ గుర్తు చెయ్యలేదు. మేమూ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదని ఇప్పటికీ సిగ్గుపడుతున్నాం.

పదింటికి వదిలారు. మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం. ఎవరూ మాట్లాడలేదు. పాతబస్తీ చేరేసరికి రాత్రి రెండయింది. మెహఫిల్ ఎప్పుడో అయిపోయింది. తెల్లగుడ్డలు మడతపెడుతున్నారు, నలిగిన గులాబీ రేకులు ఊడుస్తున్నారు. టీ హోటల్లో కూర్చుని మా గోడంతా చెప్పుకుంటుంటే పక్క బల్ల మీది పెద్దమనిషి మా ఉర్దూ విని నవ్వాడు. "ఆంధ్రా నుంచా? మీరు మాట్లాడేది ఉర్దూయేనా మియా?"

చెడ్డగా అనలేదు, సరదాకే అన్నాడు. కానీ ఊళ్ళోనేమో "మీ తెలుగు బాగుందే, అసలు తురకోళ్ళలా లేదే" అంటారు. ఇక్కడ ఉర్దూ సరిపోలేదంటారు. అక్కడ మా తెలుగుకి, ఇక్కడ మా ఉర్దూకి మార్కులేసే వాళ్ళెవరు? ఆ పరీక్షకి మమ్మల్నెవరు కూర్చోబెట్టారు?

చాలా ఏళ్ళ తర్వాత ఒక సంగతి తెలిసి మాకు ఆ జీపు గుర్తొచ్చింది. 1970ల మధ్యలో లండన్, న్యూయార్క్ కుర్రాళ్ళు పంక్ అనే సంగీతం మొదలుపెట్టారు. పెద్ద విద్వత్తు అక్కర్లేదు, నాలుగు తీగలు మీటడం వస్తే చాలు, కోపాన్ని గట్టిగా వినిపించడమే దాని పని. అమెరికాలో ఇస్లాంలోకి మారిన మైకేల్ ముహమ్మద్ నైట్ అనే రచయిత ముస్లిం పంకులు ఉన్నట్టు ఊహించి నవల రాశాడు. 'తఖ్వాకోర్స్' దాని పేరు. మొదట జిరాక్సు కాపీలుగా చేతులు మారింది, 2004లో అచ్చయింది. అది చదివిన నిజం కుర్రాళ్ళు నిజంగానే బృందాలు కట్టారు. ఒక బృందం తనకి 'కొమినాస్' అని పేరు పెట్టుకుంది. మన నోట్లో నలిగే కమీనా అనే మాటే! 'పింజారి' అని పుస్తకానికి పేరు పెట్టిన నాజర్ మాకు ఇక్కడే గుర్తొచ్చాడు.

2007లో వాళ్ళంతా పాత స్కూలు బస్సుకి ఆకుపచ్చ రంగేసి ఊరూరా తిరిగి పాడారు. సెప్టెంబరులో షికాగో దగ్గర ముస్లింల పెద్ద మహాసభలో వేదికెక్కారు. 'సీక్రెట్ ట్రయల్ ఫైవ్' అనే బృందంలోని ఆడపిల్లలు పాట అందుకునేసరికి, ఆడవాళ్ళు పాడకూడదంటూ ఆపేశారు. పోలీసులొచ్చి అందరినీ బయటికి పంపారు. బయట టెర్రరిస్టులన్నారు, లోపల దారి తప్పారన్నారు. బస్సు వేరు, జీపు వేరు, దేశం వేరు. రెండు గుమ్మాల మధ్య నిలబడ్డ గొంతు మాత్రం ఒకటే. మా జీపులో ఒక్క ఆడపిల్లా లేదన్న సంగతి కూడా వాళ్ళ కథ విన్నాకే మాకు తట్టింది. మా చెల్లెళ్ళ గొంతులో ఎన్ని 'వాహ్'లు ఇరుక్కున్నాయో మేం ఏనాడూ అడగలేదు.

తిరుగు ప్రయాణం చెప్పాలి. తెల్లారుతుండగా సాగర్ చేరాం. అప్పటికి కృష్ణకి రెండు వైపులా ఒకటే రాష్ట్రం. 2014 తర్వాత అక్కడ రాష్ట్రాల సరిహద్దు వచ్చింది. మాకు మాత్రం ఆ రాత్రే అక్కడ ఒక సరిహద్దు పడింది. పహరా మారింది, కొత్తవాళ్ళు మా వంక చూడనైనా చూడకుండా వెళ్ళమన్నారు. జీపు మాచర్ల వైపు తిరిగాక దూదేకులాయన కొడుకు డోలక్ ఒళ్ళోకి తీసుకున్నాడు. ముందు ఖవ్వాలీ దెబ్బ వేశాడు. మేం చప్పట్లందుకున్నాం. మాటలు రాని చోట వాడు తందానతాన అన్నాడు. మేం వంత పాడాం. అది ఖవ్వాలీయో బుర్రకథో మాకే తెలీదు. రెంటచింతల వైపు వెళ్ళే ఎర్రబస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. మేం ఇంకా గట్టిగా అరిచాం.

ఆ అరుపు కోసం మేం అంతదూరం వెళ్ళక్కర్లేదు. అది మా దగ్గరే ఉంది. ఇప్పుడు నరసరావుపేట పల్నాడు జిల్లాకి కేంద్రం. ఇప్పటికీ మాలో అద్దె ఇల్లు అడిగేవాడికి ముందు పేరు అడుగుతారు. ఇక చెప్పేదొక్కటే. మా ఉర్దూ మాది, మా తెలుగు మాది, నాజర్ మావాడు, నుస్రత్ మావాడు. మా చాప మీద ముందు మా దూదేకుల సోదరులకీ మా ఆడపిల్లలకీ చోటిచ్చుకుంటాం. ఆ తర్వాత మీరూ రండి. మీ పేరు అడగం. ఏ ఊరని మాత్రం అడుగుతాం, భోజనం వేళకి ఇల్లు చేరగలరో లేదో తెలుసుకోవడానికి.