పక్కచుక్క

ఫిల్మ్‌నగర్‌లో పెళ్లి సీను తీస్తే అరుంధతి ఫ్లోర్ కప్పు కిందే ఉంటుంది. పెళ్లికొడుకు వేలు చూపిస్తాడు, పెళ్లికూతురు తలెత్తుతుంది, పైన కట్టినవి లైట్లు. బయటి పెళ్లిళ్లూ తక్కువేం తిన్లేదు. పట్టపగలు పంతులుగారు "కనపడిందామ్మా?" అంటే పిల్ల "ఆ" అంటుంది.

అలాంటి ఒక సెట్‌లో లైటింగ్ మార్చే విరామంలో, పాలమూరు నుంచి వచ్చిన లైట్‌మ్యాన్ పెద్దాయన ఆ చుక్కను పట్టుకునే దారి చెప్పాడు. "నేరుగ ఎతికితే దొరకదు సార్. ముందుగాల మంచం చూడాలె. మంచం కాడికెళ్లి తోక మీదికి రావాలె. తోకల నడిమి సుక్క దొరికినంక దాని పక్కకు చూడు, పేను లెక్క ఉంటది."

సప్తర్షులే ఆ మంచం. గోండులు కూడా అందులో నాలుగు చుక్కల్ని మంచమనే అంటారు, వెనక మూడూ దాన్ని ఎత్తుకుపోవాలని చూసే దొంగలు. మంచం ముందు, దొంగలు వెనక, ధ్రువుడి చుట్టూ గంటకు 15 డిగ్రీల చొప్పున పరుగు. చేను కాపలాకు పడుకున్నవాడికి ఇంతకంటే గడియారం ఎందుకు? కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర ఒక బండ మీద ఈ చుక్కల్నే గుంటలుగా తొలిచారు. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో కమిలరాయ్‌లు ఇంకో అడుగు ముందుకేశారు. పాలపుంతలోని నల్లటి ఖాళీల్లో వాళ్లకు ఈము పక్షి కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అది పరిగెడుతున్నట్టుంటే నేల మీద ఈములు జతకట్టే కాలం. కాళ్లు మాయమై కూర్చున్నట్టు కనిపిస్తే గుడ్లు పొదిగే కాలం.

ఆ ఈము జూబ్లీహిల్స్‌లో పుట్టి ఉంటే ఎవరికీ కనపడేది కాదు. ఇక్కడ చీకటి మిగల్లేదు. ధ్రువుడు హైదరాబాద్‌లో 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, పక్క అపార్ట్‌మెంట్ చాలు మింగేయడానికి. మేడ మీంచి తోకలో నడిమి చుక్క, వసిష్ఠుడు, దొరుకుతాడు. పేను మాత్రం వెలుగులో కరిగిపోతుంది. దాన్ని ఊళ్లోనే చూశాను, పెద్దాయన చెప్పిన వరసలోనే. అప్పట్నుంచి స్క్రిప్టులో రాత్రి అని రాసి ఉంటే ఏ నెల అని అడగడం అలవాటైంది.

మొన్న ఒక కథలో కార్తీకంలో పెళ్లి, రాత్రి ఎనిమిదికి ముహూర్తం, ఆరుబయట అరుంధతి. ఆ వేళకు సప్తర్షులు ఒక్కరూ ఆకాశంలో ఉండరు, అరుంధతి పొడిచేసరికి రెండు దాటుతుంది, వైశాఖానికి మార్చండి అన్నాను. హీరోగారి డేట్లు నవంబర్‌లోనే ఉన్నాయన్నారు.