పున్నం నుంచి అమాస దాకా

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని, ఎడమ రొమ్ము కింద పక్కటెముకను వేలితో నొక్కి చూసుకున్నాను. నొప్పి అక్కడే ఉంది. అప్పటికి ఆరో రోజు.

పొద్దున ఆరున్నర. గులాబీ రంగు గ్రానైటు మీదికి అప్పుడప్పుడే ఎండ పాకుతోంది. 1939లో ప్రారంభమైన ఈ భవనం మెట్ల మీద నేను మొదటిసారి కూర్చున్నది ఎమ్మేలో చేరిన రోజున. ఆ రోజుల్లో నాకొక ఒళ్ళు ఉందన్న సంగతే గుర్తుండేది కాదు. ఆకలైతే చెప్పేది, నిద్రొస్తే చెప్పేది, అంతే. ఇప్పుడది రోజంతా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. నేను చెవి ఒగ్గి వింటూనే ఉంటాను.

నాతో రోజూ నడకకు వచ్చే నేస్తం నా చేతి వైపు చూసింది. తార్నాకలో మా వీధే ఆమెది.

"ఏం గాదక్కా. ఊకె గదే మనసుల వెట్టుకోకు."

ప్రేమతో అన్న మాటే. ఇంట్లో ఆయనా అదే అన్నారు, ఫోన్లో మా అబ్బాయీ అదే అన్నాడు. కానీ "ఏం కాదు" అన్నాక ఇక నేను మాట్లాడటానికేమీ మిగలదు. వాళ్ళు తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయినట్టుంటుంది. గదిలో నేనూ, ఆ నొప్పీ మిగులుతాం.

మూడేళ్ళ కిందట ఆ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశారు. నాలుగు విడతలు ఎర్ర మందు, నాలుగు విడతలు పాక్లిటాక్సెల్ ఎక్కించారు. ఆ తర్వాత మూడు వారాలు కరెంటు పెట్టారు. రేడియేషన్‌ను ఆసుపత్రి వరండాల్లో అందరూ ఆ మాటే అంటారు. అది ముగిసిన రోజు ఇంట్లో పాయసం వండారు. అందరూ తింటుంటే నాకు మాత్రం గొంతు దిగలేదు. వైద్యం జరిగినన్నాళ్ళూ ఎవరో ఒకరు నా రక్తం చూసేవాళ్ళు, చంక కింద తడిమి చూసేవాళ్ళు. ఆ రోజు "మూడు నెలల తర్వాత రండమ్మా" అన్నారు. ఆ మూడు నెలలూ నన్ను కనిపెట్టుకుని ఉండేదెవరు? నేనే. అసలు భయం మొదలైంది అక్కడే. వైద్యం అయిపోయాక భయమేమిటని చాలామంది అడిగారు. అయిపోయింది కాబట్టే అని వాళ్ళకు చెప్పలేకపోయాను.

నొప్పి మొదలైన ఆరో రోజు రాత్రి రెండింటికి ఫోను తీశాను. రొమ్ము క్యాన్సర్ దూరానికి పాకితే ఎక్కువగా చేరేది ఎముకలకే అని చదివాను. అబద్ధమైతే తోసేసేదాన్ని. నిజం కావడం వల్ల నిద్ర ఎగిరిపోయింది. తెల్లారేలోగా ఆ పక్కటెముకను ఎన్నిసార్లు నొక్కానో, చర్మం కమిలింది. ఇక ఏది అసలు నొప్పో, ఏది నేను తెచ్చుకున్న నొప్పో తెలియకుండా పోయింది.

తొమ్మిదో రోజున ఆసుపత్రికి బయలుదేరాను.

మెట్రో స్టేషనుకు రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ప్రహరీ పక్కగా నడిచి వెళ్ళాలి. ఇక్కడి పాత కాపురస్తులు దాన్ని ఇంకా ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటారు. 1985 నుంచి పదేళ్ళు దానికి డైరెక్టరుగా ఉన్న ఎ.వి. రామారావు గారు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వంటి క్యాన్సర్ మందుల తయారీ మీద పనిచేసిన రసాయన శాస్త్రవేత్త. ఆ రెండు మందులూ బిళ్ళగన్నేరులోవి. పసిపిల్లల రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ వాడతారు. బిళ్ళగన్నేరు మా అమ్మ రోజూ పూజకు కోసిన పువ్వు. మందు ఎక్కించుకునే రోజుల్లో ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ ఎక్కడ బిళ్ళగన్నేరు కనబడినా ఒక్క క్షణం ఆగుతాను. ఆ రోజూ ఒక ఇంటి గేటు పక్కన ఆగాను. నాకిచ్చిన మందు అది కాకపోయినా.

రైలు మెట్టుగూడ దాటి సికింద్రాబాద్ వైపు తిరిగింది. పెట్టెలో అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. వీళ్ళందరికీ పక్కటెముకలు ఉన్నాయి, ఒక్కరికీ వాటి ధ్యాస లేదు అనిపించి, చెప్పలేనంత దిగులు వేసింది.

ఓపీ దగ్గర నా పక్కన జనగామ వైపు నుంచి వచ్చిన పెద్దావిడ కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. నా ఫైలు చూసి అడిగింది.

"నీకెన్నేండ్లాయె బిడ్డా?"

ఆ వరండాలో ఈ ప్రశ్నకు వయసుతో పని లేదు.

"మూడమ్మా. మీకు?"

"తొమ్మిది. గిప్పటికీ దగ్గొస్తె గుండె జల్లుమంటది." చీర కొంగు ముందుకు లాగి చూపించింది. చివర గట్టి ముడి. "నొప్పి లేసిన దినం ముడేస్త. పున్నానికి లేస్తె అమాస దాక సూస్త. తగ్గితె ఇప్పుత, తగ్గకుంటె ఈడికొస్త. నడుమ దాని ముచ్చట ఎత్త."

"భయం పోయిందా మరి?"

"యాడ వోతది? ముడి కాడ కూసోవెట్టిన."

డాక్టరు గారు నా నొప్పిని ఒక్కసారి కూడా "ఏం కాదు" అనలేదు. ఎప్పుడు మొదలైంది, రోజురోజుకూ పెరుగుతోందా, పడుకుంటే ఎక్కువవుతోందా, నొక్కితేనే ఉందా అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. అడుగుతుంటేనే నాకు సగం ఊపిరి వచ్చింది. నిలకడగా ఒకేచోట ఉంది కాబట్టి బోన్ స్కాన్ రాశారు. నరంలోకి మందు ఎక్కించి, మూడు గంటలు నీళ్ళు తాగుతూ కూర్చోమన్నారు. తర్వాత కెమెరా కింద కదలకుండా పడుకున్నాను. రిపోర్టు మర్నాటికి గానీ రాలేదు. ఆ రాత్రి గురించి ఏమీ రాయలేను.

ఎముకలో ఏమీ లేదు. కరెంటు పెట్టిన చోట కండరం బిగిసి, పక్కటెముకల మధ్య నొప్పి పుడుతోందన్నారు.

"ఇకనుంచి ఆరు నెలలకోసారి ఒళ్ళంతా స్కాన్ చేయించుకుంటాను, రాసివ్వండి" అని ప్రాధేయపడ్డాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. ఏ లక్షణమూ లేనివాళ్ళకు ఊరికే స్కాన్లు తీస్తూ పోయినంత మాత్రాన ఆయుష్షు పెరగదని 1994లోనే ఇటలీలో జరిగిన రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయట. ఏడాదికోసారి మామోగ్రామ్, చెప్పిన గడువు ప్రకారం చేత్తో పరీక్ష చాలన్నారు. కొత్త బాధ ఏదైనా రెండు వారాలు దాటి నిలిచినా, పెరుగుతున్నా రమ్మన్నారు. కొన్నిటికి మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దన్నారు: ఆయాసం, కాళ్ళలో సత్తువ పోవడం, మూత్రం పట్టు తప్పడం, వాంతులతో వదలని తలనొప్పి. కొత్త గడ్డ చేతికి తగిలినా వెంటనే రావాలి.

రెండు వారాలంటే ఒక పక్షం. పెద్దావిడ కొంగు గుర్తొచ్చింది. బయటికొచ్చి చూస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ ముడి విప్పిందో లేదో నాకు తెలియలేదు.

ఈసారి మాఘ పున్నమి మర్నాడు ఎడమ తుంటిలో నొప్పి లేచింది. నేను రోజూ వేసుకునే లెట్రోజోల్ మాత్ర కీళ్ళను పట్టేస్తుందని తెలుసు. అయినా తుంటి కూడా ఎముకే కదా అనుకోకుండా ఉండలేకపోయాను. జేబురుమాలుకు ముడి వేశాను. అమావాస్య మర్నాటికి డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకున్నాను. పొద్దునొకసారి, రాత్రొకసారి తప్ప తుంటి మీద చెయ్యి వెయ్యనని నియమం పెట్టుకున్నాను. మూడో రాత్రి నియమం తప్పింది, మళ్ళీ రెండు గంటలకు ఫోను వెలిగింది. నాలుగో రోజు మళ్ళీ మొదలుపెట్టాను. నడకలో నా నేస్తానికి ముడి సంగతి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, రుమాలు చేతిలోకి తీసుకుని చూసి తిరిగి ఇచ్చింది.

నిన్న పొద్దున మళ్ళీ అవే మెట్లు. కానుగ చెట్లు రాల్చిన ఆకులు దారంతా పరుచుకుని ఉన్నాయి.

"ఇయ్యాల ఎన్నో రోజక్కా?" అంది.

"తొమ్మిది."

"తగ్గిందా, పెరిగిందా?"

"లేవగానే పట్టేసినట్టుంది. నాలుగడుగులు వేస్తే వదులుతోంది."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఇంక ఆరొద్దులు. శివరాత్రి తెల్లారే అమాస. దవఖానకు నేనొస్త నీతోని."

రుమాలు జేబులో పెట్టుకుని లేచాను. జామై ఉస్మానియా స్టేషను వైపు నడిచాం.